పద్నాలుగు వారాల తరువాత

పక్షవాతం వచ్చిన మనిషిని వైద్యుడు తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఉద్యోగంలో ఉన్నంత కాలం నేను దాన్ని అడగలేదు. విశ్రాంత జీవితంలో, నా మనవరాలి వయసున్న ఒక విద్యార్థిని వద్ద నేర్చుకున్నాను. ఆ వృత్తాంతమే ఈ వ్యాసం.

నా చిరకాల మిత్రుని మనవరాలు అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ డాక్టరేట్ చదువుతున్నది. ఇది పిహెచ్.డి. వంటి పరిశోధన పట్టా కాదు; చికిత్సకులను తయారుచేసే వృత్తి పట్టా. చదువు చివర ప్రతి విద్యార్థీ క్యాప్‌స్టోన్ అనే తుది ప్రాజెక్టు చేయాలి. అది 14 వారాలు, అంటే 560 గంటల పని. అందులో కనీసం ఎనభై శాతం గంటలు ఒప్పుకున్న స్థలంలోనే గడపాలి. ఆ విషయంలో అనుభవమున్న ఒక మార్గదర్శి ఉండాలి; ఆయన ఆక్యుపేషనల్ థెరపిస్టే కానక్కరలేదు. వీటన్నిటినీ సమన్వయం చేయడానికి ప్రతి కళాశాలలోనూ ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో ప్రత్యేకంగా ఉంటారు.

ఆ అమ్మాయి మన నెల్లూరు తీరంలో, మైపాడు పరిసరాల్లోని ఒక మత్స్యకార పల్లెలో పక్షవాత రోగుల మధ్య పనిచేయాలని సంకల్పించింది. స్థానిక మార్గదర్శిగా నేను ఒప్పుకున్నాను. సంతకం చేయడమే నా పని అనుకున్నాను.

మొదటి చిక్కు పేరుతోనే వచ్చింది. ఆక్యుపేషనల్ థెరపీని మనం 'వృత్తి చికిత్స' అని అనువదిస్తాము. ఆ మాట విని పల్లెలో ఇద్దరు యువకులు తమకు ఉద్యోగం ఇప్పిస్తారేమోనని వచ్చారు. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే కేవలం జీవనోపాధి కాదు. పళ్లు తోముకోవడం, అన్నం కలుపుకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, మనవడిని ఎత్తుకోవడం మొదలుకొని మనిషి దినచర్యలోని పనులన్నీ అందులోకి వస్తాయి. ఆ పనులు తిరిగి చేసుకోగలిగేలా మనిషిని, పనిని, పరిసరాలను సర్దడమే ఈ శాస్త్రం. అమెరికాలో 1917లో ఈ వృత్తికి ఒక సంఘం ఏర్పడింది. మన దేశంలో కమలా నింబ్కర్ 1950లో ముంబయిలో తొలి శిక్షణాలయాన్ని ప్రారంభించారు. అయినప్పటికీ జిల్లాలలో ఈ చికిత్సకులు అరుదు. నేనే నా రోగులను ఫిజియోథెరపీకి పంపి, నా బాధ్యత తీరిందనుకునేవాడిని.

రెండవ చిక్కు కాలానిది. విశ్వవిద్యాలయం తొలుత జనవరి నుంచి ఏప్రిల్ వరకు గడువు సూచించింది. పల్లెకు మరొక పంచాంగం ఉన్నది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లతో చేపల వేట నిషేధం. మిగతా కాలంలో మగవారు తెల్లవారకముందే సముద్రం మీద ఉంటారు. ఆడవారు చేపల గంపలతో సంతకు వెళతారు. ఇంట్లో రోగి ఒక్కడే ఉంటాడు. అటువంటప్పుడు కుటుంబానికి ఏమి నేర్పగలము? ఈ సంగతి వివరించగా సమన్వయకర్త గడువును మార్చి రెండవ వారానికి జరిపారు. ఎండలు మండే నెలలు కాబట్టి ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు, తిరిగి సాయంత్రం ఇళ్లకు వెళ్లడమని, మధ్యాహ్నం నమోదులు రాసుకోవడమని నిర్ణయించుకున్నాము.

ఇక అసలు చిక్కు. ఆ అమ్మాయి తొలి ప్రణాళికలో రోగుల చేతి పట్టును పరికరంతో కొలిచి, వ్యాయామాలు నేర్పి, చివర మళ్లీ కొలవాలని ఉన్నది. నాకు అది చక్కగానే తోచింది. సమన్వయకర్త మాత్రం వీడియో కాల్‌లో, "ఇది కావాలని పల్లెలో ఎవరు అడిగారు?" అని ప్రశ్నించి, ప్రణాళికను వెనక్కి పంపారు. సాహిత్య సమీక్ష, అవసరాల అంచనా, లక్ష్యాలు, మూల్యాంకన పద్ధతి, ఇవన్నీ 14 వారాలు మొదలయ్యే ముందే సిద్ధం కావాలన్నది నియమం. అవసరాల అంచనా అనే కాగితం నింపి ఉన్నది కానీ, అందులో ఒక్క రోగి మాట కూడా లేదు. పైగా అది పరిశోధన అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి వేరే కావాలి. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఎక్కడో కూర్చున్న ఆమెకు మా ఊరి సంగతి ఏమి తెలుసునని విసుక్కున్నాను. నాకు తెలుసునా అన్న ప్రశ్న అప్పుడు తట్టలేదు.

మేము ఊరి కాపులను కలిసి, వారి సమ్మతితో ఇల్లిల్లూ తిరిగాము. ప్రశ్నావళిని నేనే చక్కని తెలుగులోకి మార్చాను. పట్టపువారి పెద్దలు ఇళ్లలో తమిళం కలిసిన తమ భాష మాట్లాడుకుంటారు. నా పుస్తకాల తెలుగు వారికి పరాయిదిగా వినిపించింది. అక్కడి ఆశా కార్యకర్త కాగితం పక్కన పెట్టి తన మాటల్లో అడిగిన తరువాతనే జవాబులు రాసాగాయి.

ఒక ఇంట్లో యాభై ఏళ్లు దాటిన మనిషి, కుడి వైపు పక్షవాతం వచ్చి ఏడాది అయినది. మాట బాగానే ఉన్నది. ఊతకర్ర పట్టుకుని నాలుగు అడుగులు వేయగలడు. అయినా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. భార్య అన్నం తినిపించేది, స్నానం చేయించేది, బట్టలు కట్టేది. "నేనుండగా ఆయనకేం కష్టం సారూ" అన్నది. అందులో ప్రేమే తప్ప మరేమీ లేదు.

అతడు ఒకప్పుడు వలలు బాగుచేయడంలో దిట్ట అని విన్నాము. అందుచేత వల పనినే చికిత్సగా మలచాలని మేమిద్దరం ముచ్చటపడ్డాము. వల ముక్క, ప్లాస్టిక్ సూది, నైలాన్ దారం తీసుకుని వెళ్లాము. అతడు వాటిని చూసి మొహం తిప్పుకున్నాడు. రెండవ రోజూ అంతే. మూడవ రోజు ఆ అమ్మాయి సూదీ దారం తీసుకురాలేదు. చాప మీద కూర్చుని, "పెదనాన్నా, మీ చేత్తో మీరే చేసుకోవాలనిపించే పని ఒకటి చెప్పండి" అని అడిగింది. చాలాసేపు మౌనంగా ఉండి అతడు, "లుంగీ నేనే కట్టుకోవాల పాపా. కోడలు చూస్తా ఉంటే ఈమె కడతాది" అన్నాడు.

ఆ మాటకు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నేను తల వంచుకున్నాను. ఎన్నో ఏళ్లుగా రక్తపోటు చూశాను, మాత్రలు రాశాను, విశ్రాంతి తీసుకోమన్నాను. ఈ ప్రశ్న మాత్రం నా నోట ఒక్కనాడూ రాలేదు. వల తెచ్చినప్పుడు కూడా, మాది ఊరికి తగిన చికిత్స అనుకున్నామే కానీ, అది ఆ మనిషి కోరిక అవునో కాదో కనుక్కోలేదు.

లుంగీ ఒంటి చేత్తో కట్టుకోవడం తేలిక కాదు. ఎలాస్టిక్ కుట్టిస్తామంటే అతడు ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి ముందుగా తన కుడి చేతిని కదలకుండా కట్టేసుకుని, రెండు రోజులు తానే అభ్యసించింది. బట్ట ఒక అంచును నడుముకూ గోడకూ మధ్య అదిమిపట్టి, రెండవ అంచును ఎడమ చేత్తో చుట్టి బిగించి దోపుకోవడం ఒక పద్ధతిగా కుదిరింది. పడిపోకుండా పక్కన గట్టి బల్ల వేయించాము. తొలి రోజులలో బట్ట జారిపోయేది. భార్య చేయి చాచబోయి, ఆగిపోయేది. ఆగడం నేర్చుకోవడమే ఆమెకు పెద్ద శిక్షణ అయినది. మూడు వారాలు పట్టింది.

వేట నిషేధ కాలంలో మగవారందరూ బోట్ల నీడన వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఒక సాయంత్రం అతడు తానే లుంగీ కట్టుకుని, కర్రతో అక్కడికి వెళ్లి కూర్చున్నాడు. వల పని మళ్లీ చేశాడని రాస్తే అబద్ధమవుతుంది. వల అంచును కాలి వేళ్లతో బిగించి పట్టుకుని, పక్కవాడు కుడుతుంటే తప్పులు ఎంచేవాడు. అది చాలు.

జూన్‌లో ఆ అమ్మాయి వెళ్లిపోయింది. ఆమెకు పట్టా వచ్చింది. పల్లెలో ఒక బొమ్మల పుస్తకం, ఆశా కార్యకర్తకు కొంత శిక్షణ మిగిలాయి. ప్రతి ఆదివారం వస్తానని నేను మాట ఇచ్చాను. వానలు మొదలయ్యాక కొన్ని ఆదివారాలు తప్పాను, తరువాత నెలలు తప్పాను. తిరిగి వెళ్లేసరికి కొన్ని ఇళ్లలో అభ్యాసం నిలిచిపోయింది. అనేక పనులతో సతమతమయ్యే ఆశా కార్యకర్తను తప్పుపట్టలేను. ఆ లోపం నాదే. లుంగీ మనిషి మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉన్నాడు, ఎందుకంటే ఆ కోరిక అతనిది.

విద్యార్థుల ప్రాజెక్టులను సమన్వయం చేసే మన అధ్యాపకులకు, వైద్య మిత్రులకు నా విన్నపం ఇదే. గడువును ఊరి పంచాంగంతో సరిచూడండి. రోగి మాట లేని ప్రణాళికను, ఎంత చక్కగా ఉన్నా, వెనక్కి పంపండి. విద్యార్థి వెళ్లిన మరునాడు ఆ పనిని ఎవరు చేస్తారో మొదటి వారంలోనే నిర్ణయించండి. 560 గంటలు విద్యార్థికి లెక్క. రోగికి 561వ గంటతో లెక్క మొదలవుతుంది.

ఇంట్లో పక్షవాత రోగి ఉన్న పాఠకులకు మరి కొన్ని మాటలు. తానే చేసుకోవాలనుకునే పని ఏదో రోగినే అడగండి. ఆలస్యమైనా చేసుకోనివ్వండి, పడిపోకుండా మాత్రం కాపాడండి. చొక్కా తొడిగేటప్పుడు ముందు బలహీనమైన చేతికి, విప్పేటప్పుడు ముందు బాగున్న చేతికి. బలహీనమైన చేయి పట్టుకుని లాగి లేపకండి, భుజం దెబ్బతింటుంది. అన్నం నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి. రక్తపోటు మాత్రలు వైద్యుడు చెప్పకుండా మానకండి. ఎవరికైనా హఠాత్తుగా మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా ఆ క్షణమే 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తం గడ్డకట్టినట్లు స్కానింగులో తేలితే, దాన్ని కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి.

వచ్చే ఆదివారం నేను మళ్లీ ఆ పల్లెకు వెళుతున్నాను. ఈసారి నాతోపాటు ఊరిలోని ఇద్దరు యువతులు ఇల్లిల్లూ తిరుగుతారు. నేను రాలేని ఆదివారాలు ఎలాగూ ఉంటాయి. ఆ రోజుల్లోనూ పని ఆగకూడదు.