ఓర్లాండో డైరీ: బండెక్కిన పెద్దపిల్లలు

జూన్ 8, 2025, ఆదివారం

డిక్కీలోకి అన్నిటికన్నా ముందు ఎక్కిన సామాను స్ట్రోలర్. ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చునే రకం. అట్లాంటాలో బయల్దేరే ముందు మా అమ్మాయి దాన్ని టేపు పెట్టి కొలిచింది. వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు దాటితే డిస్నీ వరల్డ్ లోపలికి రానివ్వరట. 2019 మే 1 నుంచీ ఈ రూలు. లాక్కెళ్ళే వ్యాగన్లయితే అసలుకే బంద్. మా అమ్మాయికి చూసిన పెళ్ళికొడుకుని కూడా మేమింత శ్రద్ధగా కొలిచి చూడలేదు.

మనవడికి మూడేళ్ళు, వాడి సంగతి సరే. రెండో సీటు ఏడేళ్ళ మనవరాలికి. "సాకర్ ఆడే పిల్లకి బండేమిటే?" అన్నాను. "రేపు రాత్రి అడుగమ్మా" అంది, నీళ్ళ సీసాలు సర్దుతూ.

జూన్ 9, సోమవారం

డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి కారులో వస్తే తిన్నగా గేటు ముందు దిగడమంటూ ఉండదు. పార్కింగ్ నుంచి ట్రామ్, అది దిగాక తనిఖీ, తర్వాత పెద్ద చెరువు దాటడానికి పడవో మోనోరైలో. ట్రామ్ ఎక్కాలంటే స్ట్రోలర్ మడవాలి. మడవాలంటే పిల్లల్ని దించాలి, కింది బుట్టలోని పులిహోర డబ్బా, రెయిన్‌కోట్లు, సీసాలు అన్నీ పైకి తియ్యాలి. అల్లుడు ఒక చేత్తో బండినీ ఇంకో చేత్తో కొడుకునీ పట్టుకుని ఎక్కేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఇంకా గేటు మొహమే చూడలేదు.

లోపలికి వెళ్ళాక మెయిన్ స్ట్రీట్‌లో ఓ పక్కగా నిలబడి వచ్చేపోయే బండ్లు చూశాను. ఒక కుర్రాడికి ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. పాదాలు కింది పలక మీద పట్టక రెండు పక్కలా వేలాడేశాడు. వాళ్ళ నాన్న తోస్తుంటే బూట్ల మడమలు నేలకి రాసుకుంటూ వస్తున్నాయి. ఎగుడు వచ్చిన చోట కాళ్ళెత్తుతాడు, దాటాక వదిలేస్తాడు, చూపు మాత్రం చేతిలో ఐస్‌క్రీం మీదే. ఆ వీధిలో గుర్రపు ట్రామ్ పట్టాలున్నాయి. ముందుచక్రం అందులో ఇరుక్కుంది. కుర్రాడు దిగాడు, బండిని తనే పైకి లాగాడు, మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. తండ్రీ కొడుకులిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు!

స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే 44 అంగుళాల ఎత్తుండాలి. మనవరాలు కొలత కర్ర దగ్గర ముందుజాగ్రత్తగా మునివేళ్ళ మీద లేచింది, ఆ అవసరమే రాలేదు. చీకట్లో ఆ రోలర్‌కోస్టర్ మీద కేకలు పెట్టి, దిగి, పరుగెత్తుకొచ్చి, తిన్నగా స్ట్రోలర్‌లో కూలబడింది. కూలబడ్డానికి ముందు ఆ స్ట్రోలర్‌ని మేం వెతుక్కోవాల్సి వచ్చింది. పెట్టినచోట ఉండదు. పార్కు పనివాళ్ళు వాటిని గీత గీసినట్టు వరసలు కడుతూ ఎటో జరిపేస్తారు. అందుకే అమ్మాయి పిడికి పసుపు రవికెల గుడ్డ ముక్క కట్టింది. నల్లబండ్ల మధ్య అదొక్కటే కనిపించింది.

రాత్రి బాణాసంచా అయ్యాక గేటు దగ్గర ఇంకో దృశ్యం. పార్కులో అద్దెకిచ్చే ప్లాస్టిక్ బండ్లు గేటు దాటనివ్వరు. అక్కడిదాకా నిద్రపోతూ వచ్చిన పిల్లల్ని తండ్రులు ఒక్కొక్కరే ఎత్తుకుంటున్నారు. ఒకాయన భుజం మీద వాలిన పిల్లాడి కాళ్ళు ఆయన మోకాళ్ళకి తగులుతున్నాయి. మన జాతరల్లోనూ తండ్రులు పిల్లల్ని భుజాలకెత్తుకుంటారు. కాకపోతే అక్కడ పిల్లలు మేలుకుని ఉంటారు, తేరు కనబడాలని.

జూన్ 10, మంగళవారం

ఇవాళ పార్కు లేదు. మనవరాలు హోటల్ ఈతకొలను వదలనేలేదు. భోజనానికి మూడుసార్లు పిలవాల్సొచ్చింది.

కొలను గట్టు మీద అల్లుడు ఫోనులో లెక్కలు వేస్తున్నాడు. డిస్నీ టికెట్‌కి మూడేళ్ళ లోపైతే ఉచితం. మూడు నుంచి తొమ్మిది దాకా పిల్లల ధర, పదో ఏట నుంచి పెద్దల ధర. రెండు ధరలకీ పెద్ద తేడా ఉండదు. అంత డబ్బు పోశాక గేటు తెరిచినప్పట్నుంచి ఆఖరి తారాజువ్వ దాకా ఉండాలనిపించడం సహజం. ఆ సమయం పెద్దవాళ్ళు వేసుకున్నది, పిల్లలు అడిగింది కాదు. ఏడేళ్ళ పిల్ల రోజంతా గంతులు వేయగలదు గానీ పెద్దల అంగలతో, ఆగకుండా, ఒకదాన్నుంచి ఇంకోదానికి గంటల తరబడి నడవలేదు. నడవలేకపోతే వరస తప్పుతుంది, ఫోనులో బుక్ చేసుకున్న సమయం దాటిపోతుంది. స్ట్రోలర్ ఆ లోటు పూడుస్తుంది. గారాబమని ముక్కు విరిచేవాళ్ళు ముందు ఆ టైంటేబుల్ చూడాలి.

జూన్ 11, బుధవారం

ఎప్‌కాట్. 1982లో తెరిచారట, మా పెళ్ళయిన ఏడే. చెరువు చుట్టూ పదకొండు దేశాల మండపాలు, ఒక చుట్టు తిరిగితే దాదాపు మైలుంపావు. మన దేశానికి మండపం లేదు. జపాన్ దగ్గర అల్లుడు, మొరాకో దగ్గర నేను కూలబడ్డాం. మనకెవరు తోస్తారు?

అక్కడే ఒక తెలుగావిడ కలిసింది, డాలస్ నుంచి వచ్చారట. ఊరూ పేరూ అయ్యాక మనవరాలి వైపు చూసి, "ఇంత పిల్లని బండిలో వేశారేంటమ్మా, నడిపించండి" అంది. మా అమ్మాయి నవ్వి ఊరుకుంది. ఆవిడ అటు వెళ్ళగానే "ఆంటీ బ్యాగు మోసేది వాళ్ళబ్బాయి" అంది నెమ్మదిగా.

మధ్యాహ్నం ఫ్లోరిడా వాన. ఉరుములు మొదలవగానే అందరూ స్ట్రోలర్లకి ప్లాస్టిక్ తొడుగులు వేశారు. చూరు కింద మా పక్కన పన్నెండేళ్ళ కుర్రాడు, వాడి బరువుకి తగ్గట్టు చేసిన పెద్ద కుర్చీబండిలో. చెవులకి హెడ్‌ఫోన్లు. పిడికి ఎర్రని ట్యాగ్ వేలాడుతోంది. గెస్ట్ రిలేషన్స్‌లో ఇస్తారు దాన్ని. అది ఉంటే స్ట్రోలర్‌ని వీల్‌చైర్ కింద లెక్కగట్టి వరసలోకి తీసుకెళ్ళనిస్తారు. ఉరిమినప్పుడల్లా వాళ్ళమ్మ రెండు చేతులూ వాడి భుజాల మీద వేసి నొక్కుతోంది, ఉరుము తగ్గాక తీస్తోంది. ట్యాగ్ లేనివాళ్ళలోనూ ఉబ్బసం ఉన్నవాళ్ళు, కీళ్ళనొప్పులవాళ్ళు, ఆటిజం పిల్లలు ఉంటారు. చూస్తే తెలియదు. డాలస్ ఆవిడ ఆ కుర్రాణ్ణి కూడా నడిపించమనేదా? అనదేమో. చూసి పోల్చుకోగలిగితేనే మనకి దయ పుడుతుంది.

జూన్ 12, గురువారం

మళ్ళీ మ్యాజిక్ కింగ్‌డమ్. ఈసారి నా మాట చెల్లింది: టామ్ సాయర్ దీవి. మార్క్ ట్వైన్ కథలోని అల్లరి పిల్లాడి పేరు పెట్టిన చోటు. తెప్ప మీద వెళ్ళాలి. రోలర్‌కోస్టర్ లేదు, కొలత కర్ర లేదు. ఒక గుహ, ఒక చెక్కకోట, నీళ్ళ మీద పీపాలతో కట్టిన ఊగే వంతెన, అంతే.

స్ట్రోలర్ ఇవతలి ఒడ్డునే ఉండిపోయింది. మనవరాలు వంతెన మీద అటూ ఇటూ పరుగులు. గుహలో ఒక కన్నంలో దూరి ఇంకో కన్నంలోంచి తేలింది. ఎవరో చైనా పిల్లతో జట్టు కట్టి కోటకి కాపలా కాసింది. తమ్ముడు బుడిబుడి అడుగులతో వెనకాలే. నేను ఊగే కుర్చీలో కూర్చుని గంటన్నర చూశాను. "కాళ్ళు నొప్పి" అన్న మాట రాలేదు. తిరిగి తెప్ప దిగి నూరడుగులు వేశామో లేదో, "అమ్మా, బండి" అంది!

జూలై 6 ఈ దీవికి ఆఖరి రోజట. దీవినీ దాని చుట్టూ ఉన్న నదినీ తీసేసి కార్స్ సినిమా పేరున కొత్త రైడ్లు కడతారట. పిల్లలు తమంతట తాము పరిగెత్తే చోటు పోయి, కూర్చుని తిరిగేది ఇంకోటి వస్తుందన్నమాట. నాకేం నచ్చలేదు.

జూన్ 13, శుక్రవారం

తిరుగు ప్రయాణం. డిక్కీలో స్ట్రోలర్ పట్టక మళ్ళీ కుస్తీ. గొడుగులా ముడుచుకునే తేలిక బండిని 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే ఇంగ్లీషాయన తయారు చేశాడు. అంతకు ముందు స్పిట్‌ఫైర్ యుద్ధవిమానానికి ముడుచుకునే చక్రాల అమరిక మీద పనిచేసినవాడు. ఆయన బండి ఆరు పౌండ్లు. ఇది దానికి ఐదింతలైనా ఉంటుంది, పులిహోర డబ్బా కాకుండా.

జార్జియా సరిహద్దు దగ్గర ఆగినప్పుడు అల్లుడికి చెప్పాను: "బాబూ, ఈసారి వస్తే పొద్దున నాలుగు గంటలు పార్కు, మధ్యాహ్నం హోటల్‌కొచ్చి నిద్ర, సాయంత్రం ఓపికుంటే మళ్ళీ. బండి చిన్నాడికొక్కడికే." అతను కాఫీ కప్పు కారు మీద పెట్టి, కాస్త ఆలోచించి, "అలాగైతే ఇంకో రెండు రోజుల టికెట్లు కొనాలి అత్తయ్యగారూ" అన్నాడు. మా అమ్మాయి వెనక సీట్లోంచి, "ఇంకో స్ట్రోలర్ కొనడమే చవక" అంది.