కనబడని నట్టు

ప్రియ చదువరీ, అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదివిన మీకు అనివి, అమరము అను మాటలు క్రొత్తవి కావు. పడవ ముందు కొన అనివి, వెనుక కొన అమరము. ఈ మాసము ఒక చిన్న తెరచాప పడవ అనివిని గూర్చి మీతో ముచ్చటింప గోరుచున్నాను. మనలో తెరచాప పడవ గలవారు అరుదు. అయినను బండియో, నాగలియో, నీళ్ల మోటారో లేని యిల్లు లేదు గనుక ఈ సంగతి మీకు పరాయిదిగా తోచదని నమ్ముచున్నాను.

గత వేసవిలో అమెరికాలోని మస్సచూసెట్స్ రాష్ట్రమున మా అమ్మాయి యింట రెండు నెలలుంటిని. ఆ యూరి ప్రక్క పెద్ద చెరువు కలదు. మా అల్లుడు డే సెయిలర్ అను రకపు పాత పడవ నొకదానిని కొనెను. ఈ రకము 1950ల చివర పుట్టినది. దీని రూపకర్తలలో ముఖ్యుడు ఉఫా ఫాక్స్ అను ఆంగ్లేయుడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సముద్రములో కూలిన వైమానికుల కొరకు విమానమునుండి జారవిడుచు రక్షణ పడవను రూపొందించినవాడు ఈయనే. డే సెయిలర్ పొడవు 16 అడుగుల 9 అంగుళములు. గాజునారను జిగురులో ముంచి పోతపోసిన ఒళ్లు. మా అల్లుని పడవకు వయస్సు యాభై దాటినది.

ఇట్టి పడవలో తెరచాప కొయ్యను మూడు ఉక్కు తీగలు నిలువబట్టును. రెండు ప్రక్కలకు, ఒకటి అనివికి. అనివి తీగ ఒక ఉక్కు పట్టీకి తగిలియుండును. ఆ పట్టీ బోల్టులు పడవ పైతట్టును తొలుచుకొని లోనికి దిగును. లోపల ఒక చెక్క, దానిక్రింద నట్లు. గాలి విసరునప్పుడు అనివి తీగ లాగు భారమంతయు ఆ చిన్న నట్ల మీదనే పడును. అవి ఊడినచో కొయ్య వెనుకకు ఒరుగును. ఆ వెనుక కూర్చుండవలసినవారు నా యిద్దరు మనుమరాండ్రు.

పొరుగింట పడవలు బాగుచేయు ముసలాయన యుండెను. ఆయన పట్టీ అంచున కారిన గోధుమరంగు చారను చూచి తల ఆడించెను. “మామయ్యగారూ, పైన తళతళలాడుతోంది గదండీ, ఇక భయమేముంది?” అని మా అల్లుడు నాతో అనెను. నేనా మాట ముసలాయనకు చెప్పగా ఆయన యిట్లు వివరించెను. తుప్పు పట్టని ఉక్కుకు గాలియే కాపు. అందలి క్రోమియము గాలి తగిలి పలుచని పొర కట్టి లోహమును కాచును. గాలి చొరక తడి నిలిచినచోట ఆ పొర తిరిగి కట్టదు, ఉక్కు లోలోపల తినివేయబడును. కావున పైన మెరయుచున్న బోల్టు చెక్క నడుమ సన్నగిల్లి యుండవచ్చును.

నట్లను చేరుట యెట్లు? ఆ పడవలో అనివి లోపలి భాగము ఒక గోడచేత మూయబడి, తేలుటకై నురుగు దిమ్మలతో నింపబడియున్నది. పడవ బోర్లపడినప్పుడు మునుగకుండ కాచునది ఆ గదియే. పైతట్టును కోయుట సుళువే గాని, భారము పడుచోట బలము తగ్గును, వాన కూడ దిగును. పైన క్రొత్త జిగురు పూసి ఊరకుండుట మరింత సుళువు, మరింత అపాయము.

ముసలాయన తొందరపడలేదు. ముందు భుజము నుండి వ్రేళ్లవరకు తన చేతిని కొలుచుకొనెను. నట్టు అందనిచోట రంధ్రము కోసి లాభమేమి? తరువాత లోగోడకు వ్రేలంత రంధ్రము తొలిచి, చిన్న కెమేరా దూర్చి అడ్డేమియు లేదని చూచెను. అటుపిమ్మట 6 అంగుళముల గుండ్రని ద్వారము కోసెను. కొయ్యను ముందే దింపియుండిరి గనుక తీగలో బిగువు లేదు. దిమ్మలు కొన్ని వెలికి తీయగా నీరు కారెను. చెక్క తడిసిన బెల్లమువలె చేతికి వచ్చెను. మూడు బోల్టులలో ఒకటి సగము లావే మిగిలియుండెను.

క్రొత్త బోల్టులు, చెక్కకు మారుగా గాజునార పలక వేసిరి. ఇది ఒంటరి పని కాదు. పైన నేను మరచుట్టుతో బోల్టు తల కదలకుండ పట్టితిని, లోపల ఆయన నట్టు బిగించెను. పడవను బండిమీదికి లాగు ఉంగరము నట్లు కూడ ఆ ద్వారముననే అందెను. చివరకు పొడి దిమ్మలు పెట్టి, రబ్బరు వలయముగల మరమూత బిగించిరి. నీటిమీద ఆ మూత బిగిసియుండవలెను. కొట్టములో నున్నప్పుడు తీసియుంచవలెను, గాలి ఆడుటకు.

చదువరీ, గ్రామములలో యిండ్లు దర్శించు పనిలో నా తల నెరసినది. కుటుంబ భారమును మోయునది తరచు వెలుపల కనబడని యొకరు: మాటలాడని తల్లి, అప్పు చెప్పుకొనని కొడుకు. గోధుమరంగు చార యొకటి పైకి కారును, మనము రంగు పూసి సరిపెట్టుదుము. లేదా నలుగురిలో పైకప్పు చీల్చినట్లు అడుగుదుము. రెండును వలదు. మీ చేయి అందు దూరమెంతో ముందు కొలుచుకొనుడి. చిన్న ద్వారము చేయుడి, తిరిగి మూయదగిన ద్వారము చేయుడి. లోపల ఒకరు బిగించుచుండగా వెలుపల ఒకరు పట్టుకొనుడి. గాలి నెమ్మదిగా నున్న దినముననే ఈ పని చేయుడి. తుపాను దినమున నట్టు వెదకుటకు వ్యవధి యుండదు.