నాచు ఎందుకు పనికొస్తుంది?

వానాకాలం వస్తే పిట్టగోడ మీద పచ్చగా, మెత్తగా ముఖమల్ గుడ్డ పరిచినట్టు నాచు మొలుస్తుంది కదా. అది కనబడగానే మనం బ్లీచింగ్ పౌడరూ, చీపురూ పట్టుకుంటాం. అదే నాచు కోసం ఒకాయన బతుకంతా వెచ్చించాడంటే నమ్ముతారా?

ఆయన పేరు రిచర్డ్ స్ప్రూస్. 1817లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, గాంథార్ప్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి బడిపంతులు. తనూ కొన్నేళ్ళు యార్క్‌లో లెక్కలు చెప్పాడు. మనసు మాత్రం నాచు మీదే. టీస్‌డేల్ అనే లోయలో అప్పటికి పుస్తకానికెక్కిన నాచు రకాలు నాలుగే. ఈయన వెళ్ళి వెతికితే 167 తేలాయి! అవన్నీ ఎప్పుడూ అక్కడే ఉన్నాయి. వంగి చూసినవాళ్ళే లేరు.

1849లో దక్షిణ అమెరికాకి ఓడెక్కాడు. అమెజాన్ అడవుల్లో, ఆండీస్ కొండల్లో పదిహేనేళ్ళు తిరిగాడు. మొక్కలు ఎండబెట్టి ఇంగ్లండుకి పంపిస్తే, అవి అమ్మగా వచ్చిన డబ్బే జీవనం.

1860లో ఇండియా ప్రభుత్వం తరఫున ఒక పనికి పూనుకున్నాడు. మలేరియాకి మందైన క్వినైన్ సింకోనా చెట్టు బెరడులో ఉంటుంది. ఆ విత్తనాలూ మొక్కలూ సేకరించాలి. సరిగ్గా అప్పుడే ఆయన కాళ్ళు పడిపోయాయి. అయినా ఈక్వెడార్ కొండల్లో దగ్గరుండి లక్ష దాకా విత్తనాలు, ఆరొందలకు పైగా మొక్కలు సిద్ధం చేయించాడు. అవి మన నీలగిరులకి చేరాయి. మరుసటి ఏడాది, దాచుకున్న డబ్బు దాచినచోట దివాలా తీయడంతో పోయింది.

1864లో జబ్బు మనిషిగా ఇంటికొచ్చాడు. ఏడాదికి యాభై పౌన్ల పింఛను, చాలా ఏళ్ళకి ఇంకో యాభై. చిన్న ఇంట్లో, ఎక్కువగా మంచం మీదే ఉంటూ మళ్ళీ మొదటి ప్రేమ దగ్గరికే వెళ్ళాడు. నాచుకి దగ్గర చుట్టాలైన లివర్‌వర్ట్స్ మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1885లో వచ్చింది. 1893లో పోయాడు.

లోకం ఆయన్ని సింకోనా కోసం తలుచుకుంటుంది. అది అప్పగించిన పని. తనంతట తను ఎంచుకున్నది నాచు. అది మనిషికి తిండీ కాదు, మందూ కాదని ఆయనకీ తెలుసు. అందంగా ఉంది, అదే చాలనుకున్నాడు.

మా అమ్మాయి వృక్షశాస్త్రం చదువుతానంటోంది. "ఎందుకు పనికొస్తుందమ్మా అది?" అని చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న. ఒకప్పుడు తెలుగు బీఏలో చేరిన నన్నూ ఇలాగే అడిగారు. వాళ్ళకి సింకోనా చూపించి గెలవచ్చు. కానీ అలా గెలిస్తే నాచు ఓడిపోయినట్టే కదా! అందుకే అమ్మాయికి అంతా చెప్పాను, ఆ యాభై పౌన్ల సంగతి కూడా దాచకుండా. మావారి దిగులు ఉద్యోగం గురించి. అది తప్పని నేననను. నాన్న కదా, లెక్క చూసుకుంటారు.

అమ్మాయి మాత్రం అంతా విని ఒకటే అడిగింది. "నూట అరవై ఏడు రకాలా? ఎలా గుర్తుపట్టాడమ్మా?"

ఇంట్లో అందరూ అడగాల్సిన ప్రశ్న అదేననిపించింది నాకు.