సగం చీరంత వోల్గా

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యన్ మ్యూజియానికి మంగళవారం సెలవు. అదే ఊళ్ళోని హెర్మిటేజ్‌కీ, మాస్కోలోని ట్రెత్యకోవ్ గ్యాలరీకీ సోమవారం సెలవు. ఈ రెండు ముక్కలూ నా ఎక్సెల్ షీట్లో ఎర్రరంగు పులుముకుని కూర్చున్నాయి. ప్రయాణాల దగ్గర కూడా ఆఫీసు బుద్ధి పోదు నాకు. విమానాలకో ట్యాబు, వీసాకో ట్యాబు, డబ్బులకో ట్యాబు. చివర్న ‘బొమ్మలు’ అని ఇంకోటి. అందులో నలభై మూడు వరసలు. బ్రుల్లోవ్ వేసిన ‘పాంపేయి చివరి రోజు’, ఐవజోవ్‌స్కీ ‘తొమ్మిదో కెరటం’, కుయింజి వెన్నెల రాత్రి... ఏది ఎక్కడుంది, ఎంత సైజు, దాని ముందు ఎన్ని నిమిషాలు, అన్నీ రాశాను.

నాన్న ల్యాప్‌టాప్‌ని ముఖానికి దగ్గరగా లాక్కుని చూశాడు. కాసేపయ్యాక, "ఇన్నెందుకురా? మనం చూడాల్సింది ఒకటేగా" అన్నాడు.

ఆ ఒకటీ ఏదో చెప్పాలి. ఏలూరులో మా ఇంట్లో, హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళే గుమ్మం పక్కన, నాకు ఊహ తెలిసినప్పట్నించీ ఒక బొమ్మ ఉంది. ఇల్యా రేపిన్ వేసిన ‘వోల్గా మీద పడవ లాగేవాళ్ళు’. ఏదో సోవియట్ పత్రికలోంచి ఊడదీసిన నడిమి పేజీలు. మా చిన్నప్పుడు ఆ పత్రికల పాత కట్టలు ఇంట్లో ఉండటమంటే ఆ ఏడాది పుస్తకాల అట్టలకి లోటు లేదని అర్థం. నున్నటి, మందపాటి కాగితం. వాన చినుకు పడితే జారిపోయేది. లెక్కల పుస్తకం మీద ట్రాక్టరు, సోషల్ మీద గోధుమ చేను. ఈ ఒక్క బొమ్మని మాత్రం అట్ట కానివ్వకుండా నాన్న ఫ్రేము కట్టించాడు. పిన్నుల తుప్పు మరకలు ఇప్పటికీ మధ్యలో అలాగే ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఎండకి ఎరుపూ పసుపూ ఎగిరిపోయి నీలం ఒక్కటే మిగిలింది. అందుకని నాకు వోల్గా అంటే నీలం ఇసుక, నీలం మనుషులు. ఇంజనీరింగ్ చదివేటప్పుడు నెట్ సెంటర్లో మొదటిసారి అసలు రంగుల్లో, ఆ బంగారు రంగు ఇసుకతో చూసినప్పుడు, మానిటర్ పాడైందనుకున్నాను.

ఫ్రేము వెనక అట్ట మీద నాన్న చేతిరాత ఉంది: "మాస్కో". నలభై ఏళ్ళుగా ఆయన అనేది కూడా అదే. ఎప్పటికైనా మాస్కో వెళ్ళి ఈ బొమ్మ చూడాలి. లెక్కల మాస్టారి జీతంలో అది అనడానికే తప్ప వెళ్ళడానికి కాదు. నాకు ఉద్యోగం వచ్చాక కూడా ఇల్లు, పెళ్ళి, కోవిడ్ అంటూ ఏదో ఒకటి. ఈసారి నిజంగా కూర్చుని ప్లాన్ చేస్తే మొదటి గంటలోనే తేలిన సంగతేమిటంటే, బొమ్మ మాస్కోలో లేదు. పీటర్స్‌బర్గ్‌లో ఉంది.

"మరి మాస్కోలో ఏముంది?"

"క్రెమ్లిన్ ఉంది. లెనిన్ ఉన్నాడు."

నాన్న ఆలోచించి, "ఆయనెక్కడికీ పోడులే" అన్నాడు. అలా మాస్కో ఒక రాత్రికి కుదించుకుపోయింది. అక్కణ్ణించి సప్సాన్ రైలు, నాలుగు గంటలు.

మ్యూజియం గురించి చదివినకొద్దీ నాన్నకి చెప్పడానికి ఇబ్బందిగా ఉండే సంగతులు తగులుతూ వచ్చాయి. ఆయన దృష్టిలో ఇలాంటి బొమ్మని జనం కోసం గోడకి తగిలించింది విప్లవం. ఈ మ్యూజియాన్ని పెట్టమని 1895లో ఆజ్ఞ ఇచ్చింది రెండో నికొలాయ్ జారు. 1898లో తెరిచినప్పుడు దానికి ఆయన తండ్రి మూడో అలెగ్జాండర్ పేరుండేది. ఉన్నది మిఖైలోవ్‌స్కీ రాజభవనంలో. అంతకన్నా ఇబ్బందైనది, బొమ్మని మొదట కొన్నదెవరో. జారు కుటుంబానికే చెందిన గ్రాండ్ డ్యూక్ వ్లాదిమిర్. మూడు వేల రూబుళ్ళిచ్చి కొని బిలియర్డ్స్ గదిలో పెట్టుకున్నాడు. విప్లవం తర్వాతే అది మ్యూజియానికి చేరింది.

ఇది చెప్పినప్పుడు నాన్న మొహం చూడాలి. "బిలియర్డ్సా?" అన్నాడు. అని, ఆ కర్ర పట్టుకుని వంగినవాడికి ఎదురుగా వీళ్ళు కనపడుతుండేవాళ్ళు కదా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

నన్ను ఎక్కువ పట్టుకున్న సంగతి వేరే. రేపిన్ ఈ మనుషుల్ని మొదట చూసింది వోల్గా మీద కాదు. 1868లో, ఆర్ట్ అకాడమీ విద్యార్థిగా ఉన్నప్పుడు, నేవా నది మీద షికారుకి వెళ్ళినప్పుడు. ఒక పక్క మంచి బట్టల్లో పిక్నిక్‌కొచ్చిన ఆడవాళ్ళూ కుర్రాళ్ళూ, వాళ్ళ మధ్యలోంచి చింపిరి గుడ్డలతో తాడు లాక్కుంటూ వీళ్ళు. మొదట గీసుకున్న చిత్తులో రెండు పక్షాలూ ఉన్నాయి. అది చూసిన స్నేహితుడు వసీల్యెవ్, ఇదంతా కావాలని అమర్చినట్టుంది, ఇంకా సాదాగా ఉండాలన్నాడు. 1870 వేసవిలో ఇద్దరూ మరి కొందరితో కలిసి వోల్గాకి వెళ్ళారు. రేపిన్ వాళ్ళ మధ్య తిరిగాడు, పేర్లు తెలుసుకున్నాడు. అందరికన్నా ముందు నడిచే కానిన్ ఒకప్పుడు చర్చిలో పూజారి. 1873లో బొమ్మ పూర్తయ్యేసరికి పదకొండు మంది మిగిలారు, పిక్నిక్ వాళ్ళు మాయమయ్యారు.

మాయమవలేదని నా అనుమానం. బొమ్మలోంచి దిగి బొమ్మ ముందుకొచ్చి నిలబడ్డారు. మొదట బిలియర్డ్స్ కర్రతో డ్యూక్. ఇప్పుడు టికెట్ కొనుక్కుని మనం. దొస్తయెవ్‌స్కీకి ఈ బొమ్మ నచ్చిన కారణం కూడా ఇక్కడే ఉందనిపిస్తుంది. వీళ్ళలో ఒక్కడు కూడా ‘చూడండి నా బతుకు’ అని మనకేసి అరవడు అంటాడాయన. వాళ్ళ పని వాళ్ళది. సిగ్గుపడాలో వద్దో మన ఇష్టం.

నాన్న ఇష్టంగా చూసేది మధ్యలో ఉన్న కుర్రాణ్ణి. అందరూ ముందుకి వాలిపోయి ఉంటే వాడొక్కడే నిటారుగా లేచి, ఛాతీ మీది పట్టీని చేత్తో సర్దుకుంటుంటాడు. "వీడు ఇంకొంచెంసేపట్లో దాన్ని తీసి అవతల పారేస్తాడు" అని నాకు చిన్నప్పుడు చెప్పేవాడు. నేనేమో ఈమధ్య ఆ కుర్రాణ్ణి వదిలేసి, వెనక దూరంగా, అడ్డం తుడిచినంత చిన్నగా కనిపించే స్టీమర్ పొగని చూస్తున్నాను. వాడు పట్టీ పారేసే లోపే ఆ పొగ వచ్చి పట్టీతో పని లేకుండా చేసింది. మా ఆఫీసులో రెండేళ్ళుగా నడుస్తున్న సంగతులు తెలిసినవాళ్ళకి నా కన్ను అటెందుకు పోతుందో చెప్పక్కర్లేదు.

నలభై మూడు వరసలు నాలుక్కి కోసేస్తుండగా ఒక రాత్రి ఊరికే అడిగాను. "నాన్నా, అసలు ఈ బొమ్మే ఎందుకు? ఆ పుస్తకాల్లో ఎన్ని బొమ్మలుండేవి!"

"మా నాన్న ఉన్నాడుగా అందులో" అన్నాడు, అదేదో నాకు తెలిసిన విషయమే అన్నట్టు.

తాతయ్య కాలవ మీద పనిచేసేవాడని తెలుసు. ఏం పనో నేనెప్పుడూ అడగలేదు. ఏలూరు కాలవ కృష్ణనీ గోదావరినీ కలుపుతుంది. లారీలు రాకముందు ధాన్యం పడవల మీదే పోయేది. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవాళ్ళు. లేకపోతే మనుషులు గట్టెక్కి, మోకు భుజానికేసుకుని లాగేవాళ్ళు. తాతయ్య ముప్పై ఏళ్ళు లాగాడు. నేను పుట్టకముందే పోయాడు. ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు.

బొమ్మలో వరస చిట్టచివర ఒకడుంటాడు. మిగతావాళ్ళకి కాస్త వెనకబడి, తల పూర్తిగా వేలేసి, చెయ్యి కిందకి జారవిడిచి. వాడి మొహం సరిగా కనపడదు. నాన్న వేలు పెట్టి చూపించింది వాణ్ణి. "సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు గట్టు మీద ఇలాగే వచ్చేవాడు. తాడు లేకపోయినా ఇలాగే." నేను నెట్‌లో ఉన్న పెద్ద కాపీ తెరిచి అతని తల దగ్గరికి జూమ్ చేశాను. అక్కడా తల దించుకునే ఉన్నాడు. నాన్న మాత్రం, "కొంచెం పక్కకి జరుపు" అన్నాడు. జరిపాను. "ఇంకొంచెం" అన్నాడు.

ఇదంతా ఈ ఏడాదే ఎందుకంటే, నాన్నకి నీటికాసులు. డాక్టర్లు గ్లకోమా అంటారు. పక్క చూపు చుట్టూరా నించి తగ్గుకుంటూ వస్తుంది, పోయింది తిరిగి రాదు. చుక్కల మందుతో వేగం తగ్గించడమే. పోయినసారి ఫీల్డ్ టెస్టులో మధ్యన ముప్పై డిగ్రీలు మిగిలాయి. అసలే ఆలస్యం. ఇంకో రెండేళ్ళు ఆగుదామనే వీలు లేదు.

ఆగితే బావుణ్ణనిపించే కారణమూ ఉంది. రేపిన్ పుట్టింది 1844లో చుహుయివ్ అనే ఊళ్ళో. అది ఖార్కివ్ పక్కన, ఇప్పటి ఉక్రెయిన్లో. 2022 ఫిబ్రవరి 24న, యుద్ధం మొదలైన రోజునే, ఆ ఊరి మీద క్షిపణులు పడ్డాయి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం రేపిన్ని ఉక్రెయిన్ చిత్రకారుడిగా మార్చి రాసింది. నా షీట్లో ‘దేశం’ అని ఒక కాలమ్ ఉండేది. కుయింజి మరియుపోల్‌లో పుట్టిన గ్రీకు, ఐవజోవ్‌స్కీ క్రిమియాలో పుట్టిన ఆర్మీనియన్. ఆ కాలమ్ తీసేశాను. రేపిన్ చివరి రోజులు గడిపిన కువోక్కలా అప్పట్లో ఫిన్లాండ్‌ది. సోవియట్ వాళ్ళు వచ్చి పిలిచినా వెళ్ళకుండా 1930లో అక్కడే పోయాడు. ఇది కూడా నాన్నకి కొత్తే.

కాలమ్ తీసేసినంత తేలిక్కాదు మిగతాది. మా టీములో ఖార్కివ్ నించి పనిచేసే ఒకామె ఉంది. మీటింగ్ మధ్యలో సైరన్ మోగితే మైక్ మ్యూట్ చేసి, పది నిమిషాల తర్వాత ఏం జరగనట్టు వచ్చి మాట్లాడుతుంది. లీవు అప్లికేషన్లో ‘కుటుంబ ప్రయాణం’ అని రాశాను. ఎక్కడికో రాయలేదు. మ్యూజియం టికెట్టు డబ్బులు ఎవరి ఖజానాకి పోతాయో నాకు తెలుసు. బయటి దేశాల కార్డులు 2022 మార్చి నించి అక్కడ పనిచెయ్యవు, డాలర్లు నోట్లుగా పట్టుకెళ్ళాలి. ఎన్ని నోట్లో లెక్కపెట్టేటప్పుడల్లా ఆ సైరన్ గుర్తొస్తుంది. నాన్నకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "యుద్ధం అయ్యాక వెళ్ళడమే మర్యాద. నా కళ్ళు అంతవరకూ ఆగవురా" అన్నాడు. అంతే. ఇందులో ఎవరు ఒప్పో తేల్చలేను. ఈ-వీసాకి ఇద్దరి ఫోటోలూ అప్‌లోడ్ చేశాను. ఆమెకి ఇంకా చెప్పలేదు.

మిగిలిన సమస్య ఒక్కటే, అది నాకు చేతనైంది. అసలు బొమ్మ వెడల్పు 281 సెంటీమీటర్లు, ఎత్తు 131 పైన. దగ్గర నించుంటే నాన్నకి కానిన్ కనపడితే తాతయ్య కనపడడు, తాతయ్య కనపడితే కానిన్ పోతాడు. ముప్పై డిగ్రీల చూపులో 281 సెంటీమీటర్లు పట్టాలంటే ఎంత దూరం నించోవాలి? వెడల్పులో సగాన్ని పదిహేను డిగ్రీల టాంజెంట్‌తో భాగించాలి. ఐదుంబావు మీటర్లు. మా హాలు పన్నెండు అడుగులు. అందులో చూడటం కుదరదు.

మొన్న ఆదివారం మేడ మీదకి వెళ్ళాం. అమ్మ ఉదయం ఆరేసిన చీర ఉంది దండెం మీద. ఐదున్నర మీటర్ల చీరని సగానికి మడిస్తే రెండు మీటర్ల డెబ్భై ఐదు. బొమ్మకన్నా ఆరు సెంటీమీటర్లు తక్కువ. ఎత్తులో బెత్తెడు పైన తక్కువ. అంతకన్నా దగ్గరి కొలత ఇంట్లో దొరకదు. క్లిప్పులు పెట్టి మడత సర్దాను. నాన్న చీరకి ఎదురుగా నించుని, ఒక్కో అడుగే వెనక్కి వేశాడు. గోడ తగలకుండా నేను వెనక భుజాలు పట్టుకున్నాను. ఐదుంబావు దగ్గర సుద్దముక్కతో గీసిన గీత దాటాడు, ఆగలేదు. నీళ్ళ ట్యాంకు దాకా వచ్చి ఆగాడు. టేపు పెడితే ఆరు మీటర్ల పది. నా లెక్క తప్పింది. ఆరు మీటర్ల దూరమంటే మధ్యలో జనం నించుంటారు కాబట్టి పొద్దున్నే తలుపు తీయగానే వెళ్ళాలి. మంగళవారం సెలవు గనక బుధవారం రద్దీ ఉండొచ్చు. శుక్రవారం పెట్టాను. ఆ రోజంతా ఆ ఒక్క వరసే.

కింద నించి అమ్మ కేకేసింది, చీర ఎండితే తీసుకురమ్మని. నేను క్లిప్పు మీద చెయ్యేశాను. నాన్న కదల్లేదు.

"ఉండవే" అన్నాడు కిందకి వినపడేలా. "రెండు చివర్లూ కనపడుతున్నాయి."