పనివాని పేరు

నందిగామ చేరువ నొక పత్తిమిల్లులో నేను లెక్కలు వ్రాయు దినములలో, యజమాని యిచ్చిన ఆజ్ఞను మేనేజరు మధ్యాహ్నమునకే త్రిప్పివేయుచుండగా, ఎవరి మాట వినవలెనో తెలియక పనివారు బిక్కుబిక్కుమనుచుండెడివారు. జిన్ను బెల్టు తెగిన రాత్రి, దానిని మార్పింపుడని వారము ముందే మొరపెట్టుకొన్న ఫిట్టరునకే కూలి కోసి, పదిమంది యెదుట దుర్భాషలాడిరి. ఆతడు దూదిధూళితో తెల్లబడిన కనుబొమలు తుడుచుకొని, బదులాడక, తెగిన బెల్టును చుట్టచుట్టి మూల పెట్టెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ధూళికిని పనిగంటలకును హద్దు విధించినది, మాటకు విధింపలేదు.

అటుపిమ్మట జగ్గయ్యపేట ధనబోడు గుట్ట యెక్కినపుడెల్ల ఆ ఫిట్టరే నా మదిలో మెదలును. 1882లో పురాతత్త్వవేత్త బర్జెస్ త్రవ్వించిన ఆ గుట్టమీది బౌద్ధస్తూపమునకు, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 20వ రాజ్యవత్సరమున, నాగచంద్రుని కుమారుడు సిద్ధార్థుడను శిల్పిపెద్ద తూర్పువాకిట ముందరి అరుగుపై నిలుపు ఐదు ఆయకస్తంభములు సమర్పించి, తల్లిని, ఇల్లాలిని, బిడ్డలను పేరుపేరున స్మరించుచు శాసనము చెక్కించెను. రాజు పేరున్న శిలమీదనే పనివాని పేరును నిలిచినదని తలచినపుడు నా హృదయము చల్లబడును. అంతటి పెద్దకడ పని నేర్చు బాలు రుండియే యుందురు. వారిలో నెవనికైన ఉలి జారి చెక్కుచున్న తామరరేకు విరిగినపుడు ఆ పెద్ద యేమనియుండెనో, నాకు తెలిసికొనవలెనని యున్నది.