అయ్య అలిగి తినడం మానలేదు

కొంచెం పెద్ద పోస్ట్, చివరిదాకా చదవండి.

మాది పాడేరు ఏజెన్సీ. మా అయ్యకి సుగర్ వచ్చి 14 ఏళ్లు. రెండేళ్ల నుంచి నాలుగు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోయిందని కంచం పక్కన పెట్టేసేవాడు. హాస్టల్ నుంచి సెలవులకి వెళ్లినప్పుడల్లా అక్కా నేనూ బతిమాలేవాళ్లం, కసిరేవాళ్లం కూడా. దేనికో అలిగాడనుకున్నాం. పొట్ట ఉబ్బరం, వికారం. పొద్దున తిన్న సామన్నం రాత్రి వాంతిలో అలాగే పడేది. గాస్ మాత్రలు తెచ్చాం, పూజ కూడా చేయించాం.

మొన్న ఇటుకల పండక్కి ఇన్సులిన్ వేసుకుని కొంచెమే తిన్నాడు. కాసేపటికి చెమటలు, వణుకు, మాట తడబడింది. పంచదార నీళ్లు పట్టించి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడ ఎండోస్కోపీలో కడుపులో అడ్డేమీ లేదని తేలింది. తర్వాత తిన్నది కడుపులోంచి ఎంతసేపటికి దిగుతోందో స్కాన్ తీశారు. 4 గంటలయ్యాక 10 శాతం కంటే ఎక్కువ మిగిలితే ఆలస్యం ఉన్నట్టే. అయ్యకి చాలానే మిగిలింది. గాస్ట్రోపరేసిస్ అన్నారు. ఏళ్లతరబడి సుగర్ ఎక్కువుంటే కడుపుని కదిలించే నరం దెబ్బతింటుందట. తిండి కిందికి దిగక ముందే ఇన్సులిన్ పని చేస్తే సుగర్ పడిపోతుంది, తర్వాత దిగాక పెరిగిపోతుంది.

మాకు ఆశ్చర్యం వేసింది ఇంకోటి. సుగర్‌కి మంచిదని మేమే చోళ్లు, ఆకుకూరలు బలవంతంగా పెట్టేవాళ్లం. పీచు ఎక్కువున్నవి, నూనెవి ఈ జబ్బులో కడుపులోనే నిలిచిపోతాయట. ఇప్పుడు మెత్తగా, పల్చగా, కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెడుతున్నాం. ఇన్సులిన్ ఏ టైంకి వేయాలో డాక్టరే మార్చారు. పూర్తిగా తగ్గలేదు గానీ వాంతులు తగ్గాయి.

ఇన్నాళ్లూ అయ్య ఆసుపత్రికి ఒక్కడే వెళ్లేవాడు. తెలుగు అంతగా రాదు, "గాస్ సార్" అని ఒక్క ముక్క చెప్పి మాత్రలు తెచ్చుకునేవాడు. చదువుకున్న మేం ఇద్దరం ఉండి ఒక్కసారీ పక్కన నిలబడలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

మీ ఇంట్లో సుగర్ ఉన్న పెద్దవాళ్లు కొంచెం తినగానే చాలంటే కసరకండి. ఎన్ని ముద్దలు తిన్నారు, వాంతిలో ఏం పడింది, ఇన్సులిన్ ఎప్పుడు వేసుకున్నారు, మన భాషలోనే అడిగి కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని మీరే తోడు వెళ్లండి. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపొద్దు.

జై ఆదివాసీ.