పంపకానికి లొంగనిది

రాష్ట్రాలు విడిపోయినప్పుడు ప్రతి ఆస్తికీ ఒక లెక్క తేలాలి. 2014 నాటి విభజన తరువాత రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఉమ్మడి ఆస్తుల పంపకాలలో తరచుగా వినిపించిన నిష్పత్తి 58.32కు 41.68. అది జనాభా లెక్క. ఢిల్లీలో ఇండియా గేటుకు సమీపాన, హైదరాబాద్ హౌస్ పక్కన, అశోకా రోడ్డులో ఉన్న ఆంధ్రభవన్ భూములు ఈ లెక్కకు లొంగడానికి పదేళ్లు పట్టింది. చర్చల మీద చర్చలు జరిగిన తరువాత, 2024లో ఆ పంపకం ఖరారైంది. గోదావరి బ్లాకు ఒక రాష్ట్రానికి, శబరి బ్లాకు మరొక రాష్ట్రానికి దక్కాయి. తెలుగు నేల మీద కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. రాజధానిలో మాత్రం అవి విడిపోయాయి.

ఇందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. అన్నదమ్ములు వేరుపడ్డాక గోడ కట్టుకోవడం మర్యాదకు కూడా మంచిదే. అయితే ఆ ఆవరణకు ఏళ్ల తరబడి వస్తున్న మనుషుల మనసులో ఉన్న ఆస్తికి ఏ అధికారీ కొలత వేయలేదు. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ కోసమో, మామూలు రోజుల్లో పప్పు, కందిపొడి, ఆవకాయల కోసమో అక్కడ వరుసలో నిలబడే తెలుగువాడు ఆకలి తీర్చుకోవడానికి మాత్రమే రాడు. చుట్టూ పది బల్లల మీద తన భాష వినపడే చోట కూర్చోవడానికి వస్తాడు. గుంటూరు మాటా కరీంనగర్ మాటా పక్కపక్కనే వినిపించే ఆ భోజనశాలలో ఎవరి బాల్యం ఎంత శాతమో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఢిల్లీ తెలుగువారి ప్రవాసం ఒక విచిత్రమైన ప్రవాసం. అమెరికాకు వెళ్లినవాడికి తాను పరాయి దేశంలో ఉన్నానని ప్రతిరోజూ గుర్తుచేసే వ్యవస్థ ఉంటుంది. వీసా గడువు ఉంటుంది, కాలభేదం ఉంటుంది, సంవత్సరాల ముందు నుంచి లెక్కపెట్టుకునే ప్రయాణం ఉంటుంది. అమ్మతో మాట్లాడాలంటే అక్కడ ఎంత పొద్దయిందో చూసుకోవాలి. ఆ కష్టమే అతని చేత ఇంటిని జాగ్రత్తగా పట్టుకునేలా చేస్తుంది. ఢిల్లీ తెలుగువాడికి ఈ అవసరం కనిపించదు. ఉన్నది సొంత దేశం. పనిచేసేది సొంత ప్రభుత్వంలో, లేదా నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో ఉన్న ఒక కంపెనీలో. రైలెక్కితే ఒకటిన్నర రోజులోపు ఊరు, విమానమెక్కితే కొన్ని గంటలలో. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లవచ్చు. అందుకే అతడు ఎప్పుడూ వెళ్లడు.

ఆ రైళ్లకు కూడా ఒక చరిత్ర ఉంది. 1976లో మొదలైన ఏపీ ఎక్స్‌ప్రెస్ కొన్ని తరాల ఢిల్లీ తెలుగువారికి వేసవి సెలవుల మరో పేరు. బల్లార్షా దాటిన తరువాత సిర్పూర్ కాగజ్‌నగర్ వైపు బండి సాగుతుంటే, స్టేషన్ బోర్డు మీద మొదటి తెలుగు అక్షరం కోసం కిటికీల దగ్గర పిల్లలు పోటీ పడేవారు. హిందీలో చదువుకుంటున్న పిల్లలకు అది దాదాపు ఒక పరీక్ష. అక్షరం చదవగలిగినవాడు గెలిచినట్టు. విభజన తరువాత ఆ రైలు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది. 2015లో విశాఖపట్నం నుంచి మరో ఏపీ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. పేర్లు మారాయి, దారులు వేరయ్యాయి. కాగజ్‌నగర్ బోర్డు మీద అక్షరాలు మాత్రం మారలేదు.

రాజధానిలోని తెలుగు ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "రిటైరయ్యాక వెళ్లిపోదాం." ఆర్.కె.పురం క్వార్టర్లలో దశాబ్దాలుగా ఈ మాట వినిపిస్తూనే ఉంది. ఊళ్లో ఇల్లు బాగుచేయించడం, నాన్నతో తీరికగా కూర్చోవడం, బడి స్నేహితులను ఒకచోట చేర్చడం అన్నీ ఆ తరువాతే. ఈలోపు నాన్న వెళ్లిపోతాడు. స్నేహితులు ఒక్కొక్కరే తగ్గిపోతారు. పిల్లలు ఢిల్లీ పిల్లలైపోతారు. చివరికి రిటైరైన మనిషి మయూర్ విహార్‌లోనో ద్వారకలోనో ఒక ఫ్లాటు కొనుక్కుని, "ఇక అక్కడ ఎవరున్నారు?" అంటాడు. ఆ ప్రశ్నలో వేదన ఎంత ఉందో, వాయిదా కూడా అంతే ఉంది.

ఈ వాయిదాకు జాతీయ రాజకీయాలు ఎరిగిన అతి పెద్ద ఉదాహరణ పి.వి.నరసింహారావు. 1991 లోక్‌సభ ఎన్నికలలో ఆయన పోటీ చేయలేదు. దాదాపు ఏడు పదుల వయసులో ఢిల్లీకి వీడ్కోలు చెప్పడానికి సిద్ధమై, పుస్తకాలు కట్టలు కట్టించారు. ఆ ఏడాది మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. సరిగ్గా నెల రోజులకు, జూన్ 21న, ఆయన ప్రధానమంత్రిగా ప్రమాణం చేశారు. దేశం ఆ తరువాత నడిచిన దారి అందరికీ తెలిసినదే. ఆ పుస్తకాల గురించి, అవి చేరవలసిన ఇంటి గురించి చరిత్ర అంతగా మాట్లాడుకోలేదు. 2004 డిసెంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆయన కన్నుమూశారు. అంత్యక్రియలు హైదరాబాదులో, హుస్సేన్‌సాగర్ తీరాన జరిగాయి. 1991లో వెళ్లదలచిన ప్రయాణం పదమూడేళ్ల తరువాత ఆ విధంగా ముగిసింది. ఆ ప్రయాణంలోనూ రాజకీయమే ఉంది. రాజధానిలో ఆయన పార్టీ ప్రధాన కార్యాలయం గేట్లు ఆ పార్థివదేహానికి తెరుచుకోలేదు.

అయినా పి.వి. జీవితం వాయిదా కథ మాత్రమే కాదు. ఓరుగల్లు ప్రాంతంలో పుట్టి, వంగరలో పెరిగిన ఆ కుర్రవాడు యువకుడయ్యాక పాములపర్తి సదాశివరావుతో కలిసి కాకతీయ పత్రిక నడిపాడు. ఇద్దరూ జయ-విజయ అన్న జంట పేరుతో రాశారు. స్నేహితుడి పేరుతో తన పేరును జంట చేసుకోవడం వయసు ఇచ్చే ధైర్యం. ఆ వయసు గడిచాక కూడా ఆ స్నేహాన్ని నిలుపుకోవడం మనిషి చేసే పని. తెలుగు, మరాఠీ, హిందీ భాషలు ఆయనకు పదవి అలంకారాలు కావు. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వేసుకున్న వంతెనలు. హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం'గా తెలుగులోకి తెచ్చారు. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్'గా హిందీలోకి తీసుకువెళ్లారు. ఆ అనువాదం 1968లో వెలువడింది. ఆయన ఢిల్లీలో స్థిరపడకముందే ఆయన అనువదించిన తెలుగు పల్లె హిందీ పాఠకుల ఇంట అడుగుపెట్టిందన్నమాట.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. రాసినవాడు కృష్ణా తీరపువాడు. అనువదించినవాడు తెలంగాణవాడు. చదివినవాడు కాశీలోనో ఢిల్లీలోనో ఉన్న హిందీ పాఠకుడు. ఈ ఆస్తిని ఏ నిష్పత్తిలో పంచాలి?

ఢిల్లీకి తన బాల్యాన్ని తీసుకువచ్చి దాన్ని పదిమందికి పనికివచ్చేటట్టు మలచిన మరో వ్యక్తి దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమె, చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఇంగ్లీషు బడి మానుకుని, ఇంట్లోనే ఆడపిల్లలకూ స్త్రీలకూ హిందీ నేర్పే పాఠశాల పెట్టారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా, ప్రదర్శన ద్వారం దగ్గర టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపిన వాలంటీరు బాలిక ఆమే. పాతికేళ్లు గడిచాయి. రాజ్యాంగ నిర్మాణ సభ సభ్యురాలిగా ఢిల్లీలో ఉన్నప్పుడు, తెలుగు కుటుంబాల పిల్లలకు వారి భాష అందే బడి లేదని ఆమె గమనించారు. 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పుట్టింది. తెలుగు ఊళ్లో హిందీ బడి పెట్టిన పిల్ల, హిందీ నగరంలో తెలుగు పిల్లల బడికి పునాది వేసింది. రాజమండ్రి జ్ఞాపకం ఆమెకు నిట్టూర్పుగా మిగలలేదు. పలకా బలపంగా మారింది.

ఐటీవో దగ్గర, ప్రసాద్ నగర్‌లో, జనక్‌పురిలో ఆ సొసైటీ బడులు నేటికీ నడుస్తున్నాయి. వాటిలో ఢిల్లీలో స్థిరపడిన అన్ని ప్రాంతాల పిల్లలూ చదువుతారు. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం ధౌలా కువాఁలో స్థాపించిన శ్రీవేంకటేశ్వర కళాశాలకు ఏటా దేశం నలుమూలల నుంచి విద్యార్థులు వస్తారు. ఢిల్లీ యువత దాన్ని ముద్దుగా 'వెంకీ' అంటుంది. ఆ దక్షిణ ప్రాంగణం పక్కన 2018లో తెరుచుకున్న మెట్రో స్టేషన్‌కు దుర్గాబాయి పేరే పెట్టారు. రోజూ ఆ పేరు విని దిగే ఎందరికో ఆమె ఎవరో తెలియకపోవచ్చు. తెలిసిన తెలుగువాడు ఒక్క క్షణం తల ఎత్తి చూస్తాడు. ఆ క్షణంలో నగరం అతనికి కొంచెం తక్కువ పరాయిదవుతుంది.

అయితే సంస్థలు నిలబడినంత సులువుగా స్నేహాలు నిలబడవు. 2009 డిసెంబర్ నుంచి 2014 ఫిబ్రవరి వరకూ సాగిన రోజులు ఢిల్లీ తెలుగువారికి పరీక్ష పెట్టాయి. పార్లమెంటులో జరుగుతున్న వాదం సాయంత్రానికి ఇళ్లలోకి వచ్చేది. ఏళ్లుగా ఒకే కాలనీలో ఉగాది పచ్చడి పంచుకున్న కుటుంబాలు ఎడమొహం పెడమొహం అయ్యాయి. ఒకే హాస్టల్లో చదివినవారు ఫోన్లు మానేశారు. లోక్‌సభలో పెప్పర్ స్ప్రే చల్లిన 2014 ఫిబ్రవరి 13 నాటి సంఘటన దేశానికి ఒక వింత, ఢిల్లీ తెలుగువాడికి ఒక అవమానం. వారం తిరిగేసరికి ఉభయ సభలూ బిల్లును ఆమోదించాయి. రాష్ట్రం ఏర్పడాలన్నవారికి అరవై ఏళ్ల ఆకాంక్ష తీరింది. వద్దన్నవారికి గాయం మిగిలింది. రెండూ నిజమైన అనుభూతులే. కానీ ఆ చట్టం ఏ స్నేహాన్నీ రద్దు చేయలేదు. రద్దు చేసుకున్నవారు స్వయంగా చేసుకున్నారు. అందుకు గడువు ఏదీ లేదు గనుక, తిరిగి కలుపుకోవడానికి కూడా గడువు లేదు. అయితే మనుషుల ఆయుష్షుకు గడువు ఉంది.

ఆ సంగతిని 2020 మార్చి చివర మొదలైన లాక్‌డౌన్ నిర్దయగా చెప్పింది. రైళ్లు ఆగాయి, విమానాలు ఆగాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లవచ్చన్న నమ్మకం ఒక్క రాత్రిలో కూలిపోయింది. తల్లిదండ్రుల చివరి చూపును ఫోను తెరమీద చూసినవారు ఈ నగరంలో ఉన్నారు. మరుసటి ఏడాది వసంతంలో ఢిల్లీలో ప్రాణవాయువు కోసం జనం పరుగులు తీసినప్పుడు, భయం దిశ మారింది. ఊళ్లో ఉన్న తల్లులు ఢిల్లీలోని బిడ్డల కోసం రాత్రంతా మేలుకున్నారు. ప్రవాసి ఇంటిని తలచుకుంటాడని అనుకోవడం సగం నిజమే. ఇల్లు కూడా ప్రవాసిని తలచుకుంటూ ఉంటుంది. ఆ రెండో సగం గురించి వెళ్లినవాడు తక్కువగా ఆలోచిస్తాడు.

రాజకీయాలు దగ్గరగా చూసేవారికి మరో ప్రమాదం ఉంది. ఊరితో వారి సంబంధం క్రమంగా వార్తల సంబంధం అయిపోతుంది. నియోజకవర్గంలో ఎవరికి టిక్కెట్టు వచ్చిందో తెలుస్తుంది. పక్కింటి బామ్మకు కళ్లు కనపడటం లేదని తెలియదు. ఎన్నికల రోజున అర్ధరాత్రి దాకా లెక్కలు చూసే మనిషి, తనకు ఎక్కాలు నేర్పిన మాస్టారు ఎక్కడున్నారో ఎన్నడూ అడగడు. సొంత ఊరు అతనికి పటం మీద ఒక రంగుగా మిగులుతుంది. అది గెలిచిన పార్టీ రంగు. ఊరి మీద అభిప్రాయం ఉండటమూ, ఊరితో బంధం ఉండటమూ ఒకటి కావు. మొదటిది ఢిల్లీలో కూర్చుని పెంచుకోవచ్చు. రెండోదానికి ఎవరినైనా పలకరించాలి.

జ్ఞాపకాలను అపురూపంగా దాచుకోవాలని పెద్దలు అంటారు. దాచుకోవడం ఒక్కటే చాలదు. ఆవకాయ జాడీ సైతం మూత తీసి, కలిపి, వడ్డిస్తుంటేనే ఇంటికి అక్కరకొస్తుంది. అమ్మమ్మ చెప్పిన కథ పిల్లలకు తెలుగులో చెప్పినప్పుడు, సగం అర్థమై సగం హిందీలో ప్రశ్నలు అడిగినా, అది మరో తరానికి చేరినట్టే. పాత స్నేహితుడికి పండగనాడు వందమందికి పంపిన బొమ్మ కాకుండా అతని పేరుతో నాలుగు మాటలు రాసినప్పుడు, ఆ స్నేహం బతికినట్టే. ఊరి బడికి పుస్తకాలు పంపినప్పుడు, బాల్యం పనిలో పడినట్టే. వీటిలో దేనికీ పదవీ విరమణ దాకా ఆగనక్కరలేదు.

ఆంధ్రభవన్ భూమి పంపకం ఖరారైన 2024లోనే పి.వి.కి భారతరత్న ప్రకటించారు. రెండు రాష్ట్రాలూ ఆయనను తమవాడన్నాయి. ఈ ఒక్క విషయంలో ఎవరూ నిష్పత్తి అడగలేదు. భూమిని పంచితే తగ్గుతుంది గనుక దానికి కొలత కావాలి. భాషా, స్నేహమూ, ఇంటి మమకారమూ పంచితే తగ్గేవి కావు. పంచకపోతేనే తగ్గిపోతాయి.